ఖాళీ తూటాలు పక్కవాళ్ల మీద పడకుండా

క్లే షూటింగ్‌లో (గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని కాల్చే ఆటలో) తుపాకీని మధ్యలో మడిచి తెరవగానే ఖాళీ తూటాలు టప్పున ఎగిరి వెనకున్నవాళ్ల మీద పడుతుంటాయి. ఓసారి నాది ఒక పెద్దాయన టీ గ్లాసులో పడింది. ఆయన ఏమీ అనలేదు, దాంతో ఇంకా సిగ్గేసింది.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) వాళ్లకే ఇది, సెమీ ఆటోమేటిక్ అయితే అదే పక్కకి విసిరేస్తుంది. కాల్చాక గొట్టాలు టార్గెట్ వైపే ఉంచి, ఎడమ చేత్తో ముందుభాగం పట్టుకుని, కుడి బొటనవేలితో మీట తోసి, వెంటనే ఆ అరచేతినే గొట్టాల వెనక గిన్నెలా అడ్డం పెట్టాలి. రెండూ చేతిలోనే పడతాయి. ఇత్తడి అంచు కాస్త వెచ్చగా తగులుతుంది, అంతే. విజయనగరం గంటస్తంభం దగ్గర కొన్న చిన్న గుడ్డ సంచి నడుముకి కట్టుకుంటాను, 25 తూటాల రౌండు మొత్తం అందులో పట్టేస్తుంది. కాల్చనివి వేరే జేబులో, రెండూ కలపను. గడ్డిలోకి జారినవి అందరూ కాల్చడం ఆపాకే ఏరుకుంటాను.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మాత్రం వెంటనే తెరవకండి, చెయ్యి అడ్డం పెట్టకండి. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగి, రేంజ్ చూసుకునేవాళ్లని పిలవండి.