దొంగను ముందే తేల్చుకోండి: ఆస్ట్రేలియా జంతువులతో పిల్లల బొమ్మల పుస్తకంగా మిస్టరీ

మిస్టరీ కథను చివరి నుంచి వెనక్కి అల్లుకుంటూ రావాలి. దొంగ ఎవరో, ఎందుకు తీశాడో తేలాకే ఏ పేజీలో ఏ ఆనవాలు పెట్టాలో తెలుస్తుంది. ఆస్ట్రేలియా జంతువులతో ఓ మేలుంది: ఆనవాళ్లు వాటి ఒంట్లోనూ అలవాట్లలోనూ ఉన్నాయి, కొత్తగా కల్పించి అతికించనక్కర్లేదు.

శాటిన్ బవర్‌బర్డ్‌ను దొంగగా తీసుకుందాం. ఆడపక్షిని మెప్పించడానికి మగపక్షి నేల మీద పుల్లలతో ఎదురెదురుగా రెండు గోడలు కట్టి, ముందు నీలిరంగు వస్తువులు పరుస్తుంది. ఈకలు, పూలతో పాటు సీసా మూతలూ, బట్టల క్లిప్పులూ ఎత్తుకొస్తుంది. కాబట్టి మీ కథలో నీలివి మాత్రమే మాయం కావాలి, పక్కనున్న ఎర్రవి కదలకూడదు. ఈ మాట వాక్యంలో ఎక్కడా రాయొద్దు. బొమ్మలోనే ఉంచండి, కనిపెట్టడం పిల్లల వంతు.

అనుమానితులు ముగ్గురు చాలు. మొదటిది వోంబాట్ అనే పొట్టి కాళ్ల బొద్దు జంతువు. దాని పెంటికలు ఘనాకారంలో ఉంటాయి, వాటిని రాళ్ల మీదా దుంగల మీదా వేస్తుంది. చోరీ జరిగిన చోట అవి కనిపిస్తే అనుమానం దాని మీదికే పోతుంది. అయితే అది ఎక్కువగా రాత్రిళ్లు మేస్తుంది, పగలు బొరియలో పడుకుంటుంది. బవర్‌బర్డ్ పగటి పక్షి. చోరీని మిట్టమధ్యాహ్నం పెడితే వోంబాట్ నిర్దోషి అని దానంతట అదే తేలిపోతుంది. అదే చోరీని రాత్రికి మార్చారా, కథ మొత్తం కూలిపోతుంది. రెండో అనుమానితుడు మనిషి నవ్వులా కూసే కూకబర్రా పక్షి, ఎందుకంటే అక్కడ దాని నవ్వు వినిపించింది. నిజానికి నవ్వింది ఇతర పక్షుల గొంతులు అచ్చంగా అనుకరించే లైర్‌బర్డ్! పేజీ మూలన పొదల్లోంచి దాని పొడవాటి తోక కాస్త కనిపించేలా గీయించండి. మూడోది ఒంటి నిండా ముళ్లుండే ఎకిడ్నా. తవ్విన గుంట దానిదే, కానీ చీమల కోసం తవ్వింది.

తరచూ తప్పేది చోటు దగ్గర. పైన చెప్పినవన్నీ ఆగ్నేయ ఆస్ట్రేలియా అడవుల్లో కలిసి ఉండగలవు. కంగారూలా గెంతే చిన్న జంతువు క్వొక్కా మాత్రం నైరుతి మూలకు చెందినది. అందంగా ఉందని దాన్ని ఇందులో కలపకూడదు. అలాగే బవర్‌బర్డ్ మగపక్షికి నిగనిగలాడే నలుపు నీలం రంగు రావడానికి సుమారు ఏడేళ్లు పడుతుంది, ఆడపక్షి ఆకుపచ్చగా ఉంటుంది. పుల్లల కట్టడం గూడు కాదు, అందులో గుడ్లు గీయించొద్దు.

పుస్తకానికి మామూలుగా 32 పేజీలు. పేరు, ప్రచురణ వివరాలకు నాలుగు తీసేస్తే ఎదురెదురు పేజీల జతలు 14 మిగులుతాయి. మొదటి రెండింట్లో చోరీ, తొమ్మిదో జత దాకా అనుమానాలు, పది పదకొండులో ఆనవాళ్లు కలిపి చూడటం, పన్నెండులో దొంగ దొరకడం. వస్తువులు తిరిగి చేరడానికి చివరి రెండు. మొత్తం 500 మాటలు దాటకుండా చూడండి, జతకు 35 చొప్పున సరిపోతాయి. ప్రశ్న కుడి పేజీ అడుగున రావాలి, జవాబు పేజీ తిప్పాకే కనబడాలి.

ఎనిమిది ఏ4 కాగితాలను మధ్యకు మడిచి కుడితే 32 పేజీల నమూనా తయారవుతుంది. ఆనవాలు మడత లోపలికి పోతోందా అన్నది అందులోనే బయటపడుతుంది; మడతకు ఇటూ అటూ ఒక సెంటీమీటరు ఖాళీ వదలండి. తర్వాత కథ తెలియని ఐదారేళ్ల పిల్లలకు చదివి వినిపించండి. ఐదో జతలోనే దొంగ పేరు చెప్పేస్తే నీలి వస్తువులు మరీ కొట్టొచ్చినట్టున్నాయని అర్థం, వాటిని చిన్నవి చేయండి. పన్నెండో జత చూశాక కూడా వెనక్కి తిప్పి వెతక్కపోతే ఆనవాళ్లు అందలేదన్నమాట. అప్పుడు మూడో జతలోనే ఓ ఎర్ర మూతను, దాని పక్కన ఖాళీ చోటును పెద్దగా చూపించండి.