ఇంట్లో ఫుల్ చికెన్ రోస్ట్ ఎలా చేయాలి?

కోడి రోస్ట్ అనగానే మన ధ్యాసంతా మసాలా మీదకే పోతుంది. పెరుగు, కారం, గరం మసాలా దట్టంగా పట్టించి ఓవెన్‌లో పెడతాం. పైన మసాలా మాడిపోతుంది, తొడ దగ్గర మాత్రం పచ్చిగానే ఉంటుంది. అసలు పని ముందురోజు రాత్రి ఉంది. ఉప్పు పట్టించాలి, తోలు ఆరనివ్వాలి.

కోడి కొనేటప్పుడు

శ్రీకాకుళమైనా విజయనగరమైనా ఆదివారం పొద్దున్న చికెన్ షాపు రద్దీలో మనం నోరు తెరిచేలోపే తోలు ఈకలతో సహా ఊడొచ్చేస్తుంది, కోడి ముక్కలైపోతుంది. అందుకే తూకం వేయకముందే చెప్పాలి: "తోలు ఉంచు, ముక్కలు కొట్టొద్దు, లోపల శుభ్రం చేసి ఇయ్యి." "కొట్టకుండా ఏటి చేస్తారు బాబూ?" అని అడుగుతాడు. పండగ ముందైతే, ముఖ్యంగా కనుమ నాడు, ఇంత ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి ఒకరోజు ముందే చెప్పుకోవడం మంచిది.

బాయిలర్ కోడే తీసుకోండి. శుభ్రం చేశాక 1.2 నుంచి 1.4 కిలోలు ఉంటే చాలు. ముదురు నాటుకోడి జోలికి పోవద్దు. దాని కండ ఓవెన్ పొడి వేడికి ఇంకా గట్టిపడుతుంది. దానికి పులుసే మర్యాద.

ముందురోజు రాత్రి

పసుపు, నిమ్మకాయ వేసి నాలుగు నీళ్లు కడగడం మన ఇళ్లలో అలవాటు. కుళాయి కింద కడిగితే పచ్చి మాంసం మీది సూక్ష్మక్రిములు సింకు చుట్టూ చిమ్ముతాయి. వాటిని చంపేది ఓవెన్ వేడి, నీళ్లు కాదు. కడగందే మనసొప్పదు అనుకుంటే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, తర్వాత సింకు, చేతులు సబ్బుతో తోముకోండి. ఎలాగైనా సరే, తడి మాత్రం మిగలకూడదు. లోపలా బయటా, రెక్కల సందుల్లో కూడా టిష్యూతో ఒత్తి తుడవండి.

1.2 కిలోల కోడికి రెండు టీస్పూన్ల మెత్తని ఉప్పు, ఒక టీస్పూను మిరియాల పొడి, అర టీస్పూను పసుపు. తొడలకు, రొమ్ముకు కాస్త ఎక్కువ, లోపల కొంచెం పట్టించండి. పళ్లెంలో పెట్టి మూత లేకుండా ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో ఉంచండి. నీరు కారినా మిగతా వాటి మీద పడదు. ఉప్పు మొదట నీరు లాగుతుంది, తెల్లారేసరికి ఆ నీటితో కలిసి కండలోకి దిగుతుంది. తోలు అప్పడంలా బిర్రుగా ఆరుతుంది. కాలాక కరకరలాడేది ఇలా ఆరిన తోలే.

తోలు కింద మసాలా

వండే ముందు అరగంట బయట పెట్టండి. మెత్తబడిన వెన్న మూడు చెంచాలు, దంచిన వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఒక చెంచా ఆవపిండి, సగం నిమ్మకాయ రసం కలపండి. ఆవపెట్టిన పనసపొట్టు కూర తిని పెరిగిన నోటికి ఆవపిండి లేకపోతే ఏదో వెలితి.

రొమ్ము చివర తోలు అంచు ఎత్తి, వేళ్లు పడుకోబెట్టి మెల్లగా లోపలికి జరపండి. పల్చటి పొర విడిపోతున్నట్టు తెలుస్తుంది. గోరు తగిలితే చిరుగుతుంది. ఆ సందులోకి ముద్దను తోసి, పైనుంచి అరచేత్తో నిమురుతూ తొడ దాకా పంపండి. తోలు పైన కాస్త నూనె చాలు. కారం పైన రాస్తే మాడుతుంది, కావాలంటే ఈ ముద్దలోనే కలపండి. మిగిలిన నిమ్మచెక్క కడుపులో పెట్టి, కాళ్లు రెండూ నూలు దారంతో కట్టి, రెక్కల కొసలు వీపు కిందకి మడవండి.

ఓవెన్‌లో

ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, 25 లీటర్లయినా ఉండాలి. ఇది దాదాపు 1500 వాట్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్ వాడండి. ఇంట్లో మామూలు ఇన్వర్టర్ మీద నడవదు. వేసవిలో కరెంటు కోత వేళ చూసుకుని మొదలుపెట్టండి.

220 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు వేడెక్కాక, ట్రేలో పెద్ద ఉల్లి, బంగాళాదుంప ముక్కలు పరిచి, వాటి మీద కోడిని రొమ్ము పైకి ఉండేలా పెట్టి, కింది అరలో ఉంచండి. 20 నిమిషాల తర్వాత 190కి తగ్గించి మరో 40 నుంచి 50 నిమిషాలు. మాటిమాటికీ తలుపు తీయొద్దు. పై రాడ్డుకు రొమ్ము త్వరగా ఎరుపెక్కితే అక్కడ మాత్రం ఫాయిల్ కప్పండి. ఆఖరి పది నిమిషాల్లో పలాస జీడిపప్పు ఒక గుప్పెడు ట్రేలో చల్లితే ఆ కొవ్వులో వేగుతుంది. ముందే వేస్తే నల్లబడుతుంది.

ఉడికిందో లేదో తోలు రంగు చూసి చెప్పలేం. తొడలో మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా థర్మామీటర్ గుచ్చితే 74 డిగ్రీలు చూపాలి. ఈ ఒక్క వస్తువు మీద డబ్బు పెట్టడం దండగ కాదు. లేకపోతే తొడ, ఒళ్లు కలిసేచోట కత్తితో గుచ్చండి. తేటనీరు వస్తే సరే, ఎర్రగా వస్తే మరో పది నిమిషాలు.

ఓవెన్ లేనివాళ్లు మందపాటి మూకుడులో కోడిని నెయ్యితో అన్ని వైపులా ఎర్రగా వేయించి, అరగ్లాసు నీళ్లు పోసి, మూతపెట్టి సన్నసెగ మీద గంటసేపు మగ్గించొచ్చు. మధ్యలో రెండుమూడుసార్లు తిప్పాలి. రుచికి లోటుండదు, తోలు మాత్రం మెత్తగానే ఉంటుంది.

కోసేముందు

బయటికి తీశాక 15 నిమిషాలు కదపకండి. వెంటనే కోస్తే రసమంతా పళ్లెం పాలవుతుంది. గట్టిగా మూత కూడా పెట్టొద్దు, ఆవిరికి తోలు మెత్తబడుతుంది. ముందుగా కాళ్లు, తర్వాత రెక్కలు, చివర రొమ్ము కోయండి.

ట్రేలో మిగిలిన రసాన్ని పారబోయకండి. పైన తేలిన కొవ్వు సగం తీసేసి, ఉల్లిముక్కలు గరిటెతో నలిపి, కాసిని వేడినీళ్లు పోసి స్టవ్ మీద రెండు పొంగులు రానివ్వండి. వేడన్నంలో అది కలుపుకుంటే పిల్లలు కోడి సంగతి తర్వాత చూద్దాం అంటారు. ఎముకలుంటే రాత్రికి మిరియాలు, ధనియాలు దంచి వేసి చారు కాచుకోవచ్చు.