నాలుగో పాఠం: పసుపెక్కిన చోటి మట్టి వేరు

పోయిన పాఠం చదివి పరీక్ష కోసం పొలం మట్టి తీసినవాళ్లలో చాలామంది పచ్చగా ఉన్న చోటా, పసుపెక్కిన చోటా తీసి ఒకే గోనెపట్టా మీద కలిపేశారు. రిపోర్టులో జింకు, అంటే పైరుకు కొద్దిగానే కావాల్సిన పోషకం, సరిపడా ఉందని వచ్చింది. పైరేమో గిడసబారే ఉంది. తప్పు కొంత నాదే. పదిహేను చోట్ల తీసి కలపండి అన్నాను గానీ, వేటిని కలపకూడదో చెప్పలేదు.

ఒక మూల జింకు 0.3 పీపీఎం (పది లక్షల పాళ్ల మట్టిలో 0.3 పాలు), మిగతా పొలంలో 1.1 ఉందనుకోండి. రెంటినీ సమానంగా కలిపితే 0.7. 0.6 కంటే తగ్గితేనే లోపం అనుకుంటే కాగితం మీద లోపమే లేదు! మరిగే నీళ్లూ చన్నీళ్లూ కలిపేసి, రెండు బిందెలూ గోరువెచ్చనే అన్నట్టుంటుంది ఇది. పసుపెక్కిన మచ్చ మట్టికో సంచి, దాని పక్కనే బాగున్న పైరు కింది మట్టికో సంచి. రెండు చోట్లా పైరు ఒకే రకం, ఒకే రోజు విత్తినవి కావాలి. నేనైతే అంకెల కంటే ఆ రెంటి మధ్య తేడానే ముందు చూస్తాను.

మచ్చ ఆకారమూ చూడండి. తిన్నటి చారలైతే ఎరువు చల్లడంలో తేడా. పల్లంలో ఉంటే ముందు నీరు తీయండి. చదును చేసినప్పుడు పైమట్టి చెక్కేసిన చోటైతే జింకు, ఇనుము అనుమానించాలి. అక్కడ ఎదగలేదని ఇంకో గుప్పెడు డీఏపీ (భాస్వరం ఉన్న ఎరువు) వేయకండి, భాస్వరం ఎక్కువైతే జింకు లోపం ముదురుతుంది.

ఏ లోపం ముదురాకులో, ఏది లేతాకులో ముందు కనిపిస్తుందో రెండో పాఠంలో అయిపోయింది.

ఇనుము లోపం తేల్చడానికి నా దగ్గరున్న దారి కుంచె. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము ఉన్న లవణం), 1 గ్రాము నిమ్మ ఉప్పు. పాలిపోయిన లేతాకుకు ఈనెకు ఒక పక్కనే పూయండి. వారంలో పూసిన పక్క పచ్చబడి, అవతలి పక్క అలాగే ఉంటే లోపం ఇనుమే. ద్రావణం తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి, ఆ ఇనుము ఆకుకు పనికిరాదు. జింకుకు కుంచె మీద నాకు నమ్మకం లేదు. లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేట్ ఓ చిన్న మడికి పిచికారీ చేసి, కొత్తగా వచ్చే ఆకును చూస్తాను. మాడిన పాతాకు ఎలాగూ కోలుకోదు.

అభ్యాసం: ఇరవై అడుగులకోసారి ఆగుతూ పొలమంతా నడిచి, ప్రతిచోటా ఒక ముదురాకు, ఒక లేతాకు చూసి పటం గీయండి. మందు మచ్చలకే కొట్టండి, మచ్చ మధ్యలో రెండు వరుసలు మాత్రం వదిలేయండి. ఐదో పాఠానికి ఆ వరుసలే కావాలి.