డెల్టాలో ఫోర్‌వీల్ డ్రైవ్ బండి బ్రేకులు: లక్షణాన్ని బట్టి ప్యాడ్లు, డిస్కుల ఎంపిక

కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం ప్రాంతాల్లోనూ థార్, గూర్ఖా, వీ-క్రాస్, బొలెరో క్యాంపర్ వంటి ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లు ఎక్కువగా పనికొచ్చేది వానాకాలంలో రొయ్యల చెరువు గట్ల మీద దిగబడకుండా తిరగడానికి, వరద తీశాక బురద పేరుకున్న కాజ్‌వేల మీదుగా లంకలకు చేరడానికి. నేలంతా సమంగా ఉంటుంది కనుక ఇక్కడ బ్రేకులకు పెద్ద శ్రమ ఉండదని చాలామంది అనుకుంటారు. అయితే ఈ ప్రాంతంలో బ్రేకులను తినేసేవి వేరే ఉన్నాయి: ప్యాడుకూ డిస్కుకూ మధ్య చేరే సన్నని ఒండ్రు, గాలిలోనూ నీటిలోనూ ఉండే ఉప్పు, రోజుల తరబడి బండిని కదపకుండా నిలబెట్టడం. ఘాట్ రోడ్ల కోసం తయారైన ఖరీదైన ప్యాడ్లను తెచ్చి బిగించినా ఈ మూడింటికీ విరుగుడు కాదు. అందుచేత ముందు లక్షణాన్ని పట్టుకుని కారణం దాకా వెళ్ళి, ఆ తరువాతే సామాను కొనాలి.

బ్రేకు నొక్కినప్పుడు కీచుమనడం, గరగరలాడడం

ఉదయం బండి తీసిన వెంటనే మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమని, ఆ తరువాత శబ్దం పోతే అది రాత్రి మంచుకో వానకో డిస్కు మీద పట్టిన తుప్పు పొర మాత్రమే. దానికి ఏమీ చేయనక్కరలేదు.

వేగంతో పాటు సన్నని కీచుశబ్దం వస్తూ, బ్రేకు నొక్కగానే అది మారితే ప్యాడుకు ఉండే అరుగుదల సూచిక, అంటే చిన్న ఇనుప రేకు, డిస్కును తాకుతోందని అనుమానించాలి. కొత్త ప్యాడ్ల ఘర్షణ పదార్థం చాలా బండ్లకు 10 నుంచి 12 మి.మీ. మందం ఉంటుంది. అది 3 మి.మీ.కు దిగినప్పుడే మార్చడం మేలు. బయటి ప్యాడును చక్రం ఊచల సందులోంచి చూసి సరిపెట్టుకోకూడదు. లోపలి ప్యాడు దానికంటే ముందే అరిగిపోయి ఉండవచ్చు.

బురదలో తిరిగి వచ్చిన తరువాత ఇనుము ఇనుమును గీకినట్లు వినిపిస్తే ప్యాడ్ల మీద నేరం మోపేముందు డిస్కు వెనకనున్న పలుచని రక్షణ రేకును చూడాలి. కంకర రాయి ఒకటి అక్కడ ఇరుక్కున్నా, రేకు వంగి డిస్కును తాకుతున్నా అదే శబ్దం వస్తుంది. రాయిని తీసి, రేకును చేత్తో వెనక్కి వంచితే సరిపోతుంది. అప్పుడు కూడా శబ్దం పోకపోతే చక్రం విప్పి, ప్యాడు ముఖం మీద మట్టి రేణువులు గుచ్చుకుని డిస్కు మీద గాళ్ళు పడ్డాయేమో పరీక్షించాలి. గోరు అడ్డంగా లాగితే తట్టుకునే లోతు గాళ్ళు ఉంటే, ఆ డిస్కు మీద కొత్త ప్యాడ్లు వేయడం వల్ల ఆ ప్యాడ్లే త్వరగా పాడవుతాయి.

బండి ఒక పక్కకు లాగడం, ఒక చక్రం మాత్రమే వేడెక్కడం

డెల్టా బండ్లలో ఎక్కువగా కనిపించేదీ, ఎక్కువగా తప్పు వైద్యం జరిగేదీ ఈ లక్షణానికే. బండి ఎడమకో కుడికో లాగుతుంది. ఒక చక్రం దగ్గర కాలిన వాసన వస్తుంది. విప్పి చూస్తే ఒక పక్క ప్యాడు రేకుదాకా అరిగి, రెండో పక్కది కొత్తదానిలా ఉంటుంది. సాధారణంగా ఈ దశలో నాలుగు ప్యాడ్లూ మార్చి బండి ఇచ్చేస్తారు. కొద్ది నెలలకే మళ్ళీ అదే పరిస్థితి వస్తుంది.

ఇక్కడ ప్యాడ్లది తప్పు కాదు. ఎక్కువ బండ్లకు ముందు వైపు ఉండే జారుడు క్యాలిపర్, అంటే ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కే భాగం, రెండు పిన్నుల మీద అటూ ఇటూ కదులుతుంది. పిన్నుల మీది రబ్బరు తొడుగు చిరిగితే చెరువు గట్టు బురద, ఉప్పునీరు లోపలికి చేరి పిన్ను పట్టేస్తుంది. అప్పుడు పిస్టన్ ఉన్న వైపు ప్యాడు ఒక్కటే పని చేసి, అదే అరుగుతుంది. చేత్తో లాగితే పిన్ను నూనె పట్టిన గడియలా జారాలి. సుత్తి పట్టుకోవలసి వస్తే దాన్ని పూర్తిగా బయటికి తీసి, తుప్పును శుభ్రం చేసి, గుంతలు పడినట్లయితే పిన్నునే మార్చాలి. లోపల వాడే గ్రీజు బ్రేకుల కోసం తయారైన సిలికోన్ గ్రీజై ఉండాలి. బేరింగులకు వాడే మామూలు గ్రీజు ఆ రబ్బరును ఉబ్బించి, మళ్ళీ పిన్నును బిగదీస్తుంది. ప్యాడ్ల చెవులు కూర్చునే స్టీలు క్లిప్పుల కింద పేరుకున్న తుప్పును కూడా గీకి, క్లిప్పులను కొత్తవి వేయాలి.

పిన్నులు బాగానే ఉండి, పిస్టన్ వెనక్కి వెళ్ళకపోతే రెండు కారణాలు మిగులుతాయి. పిస్టన్ తుప్పు పట్టి ఉండవచ్చు, లేదా రబ్బరు గొట్టం లోపల పాడై ఆయిల్‌ను వెనక్కి రానివ్వకపోవచ్చు. క్యాలిపర్ దగ్గర బ్లీడర్, అంటే ఆయిల్‌ను బయటికి వదిలే చిన్న మర, విప్పగానే చక్రం వదిలితే గొట్టాన్ని అనుమానించాలి. ఇక ప్యాడు మీద జిడ్డు కనిపిస్తే అది ముందు యాక్సిల్ ఆయిల్ సీలు నుంచి కారిన నూనె కావచ్చు. జిడ్డు పట్టిన ప్యాడును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేయడం పనికిరాదు. సీలు మార్చి, రెండు పక్కలా కొత్త ప్యాడ్లు వేయాలి.

రొయ్యల పట్టుబడికి వెళ్ళే పికప్ బండ్లకు మరొక ఇబ్బంది ఉంది. ట్రేలలోంచి ఐసు కరిగి కారే ఉప్పునీరు వెనక చక్రాల మీదుగా పోతుంది. ఈ బండ్లలో చాలావాటికి వెనక డ్రమ్ము బ్రేకులే కాబట్టి ఆ నీరు లోపలే ఉండిపోయి షూలు (డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకుని ఆపే భాగాలు), హ్యాండ్‌బ్రేకు తీగ తుప్పుపడతాయి. పట్టుబడి సీజన్‌లో రోజూ మంచినీటితో చక్రాల లోపలి వైపు కడగడం, నెలకొకసారైనా డ్రమ్ము విప్పి చూడడం కొత్త లైనింగులు కొనడం కంటే చవక.

పెడల్, స్టీరింగ్ అదరడం

"డిస్కు వంగిపోయిందండీ, మార్చేద్దామండీ" అనేది ఇక్కడ తరచుగా వినిపించే మాట. డిస్కు నిజంగా వంగడం అరుదు. ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా ఉండడం వల్లనే ఎక్కువసార్లు అదురు పుడుతుంది, మిల్లీమీటరులో ఒకటి రెండు వందో వంతుల తేడా కూడా కాలికి తెలుస్తుంది. ఈ తేడా రావడానికి డెల్టాలో ప్రధాన కారణం హబ్ మీది, అంటే డిస్కునూ చక్రాన్నీ బిగించే మధ్య భాగం మీది, తుప్పు. డిస్కు కూర్చునే ముఖం మీద తుప్పు రేకు ఒకటి ఉన్నా డిస్కు కొద్దిగా ఓరగా కూర్చుని, తిరిగిన ప్రతిసారీ ప్యాడుకు ఒకే చోట తగులుతూ అక్కడ అరుగుతుంది. అందుకే కొత్త డిస్కు వేసినా కొద్ది వేల కిలోమీటర్లకే అదురు తిరిగి వస్తుంది.

పాత డిస్కు తీసిన తరువాత హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో మెరిసేదాకా శుభ్రం చేయాలి. స్టడ్డుల చుట్టూ ఉన్న చోటును మరవకూడదు. తుప్పుతో అతుక్కున్న డిస్కును సుత్తితో బాదే అలవాటు ఉంది, దానివల్ల బేరింగు దెబ్బతింటుంది. చాలా డిస్కులకు మర ఉన్న రెండు రంధ్రాలుంటాయి. వాటిలో 8 మి.మీ. బోల్టులను కొంచెం ఇటు, కొంచెం అటు బిగిస్తూ పోతే డిస్కు తనంతట తానే ఊడి వస్తుంది. కొత్తది పెట్టాక నట్లన్నీ బిగించి, డిస్కు తిరిగేటప్పుడు పక్కలకు ఎంత ఊగుతోందో డయల్ గేజితో కొలవాలి. చాలా బండ్లకు 0.05 నుంచి 0.10 మి.మీ. వరకు అనుమతి ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లోని అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. ఎక్కువ ఉంటే డిస్కును ఒక స్టడ్డు పక్కకు తిప్పి మళ్ళీ కొలిస్తే తరచుగా సరిపోతుంది. ఆ తరువాత చక్రం నట్లను ఎయిర్ గన్‌తో వదిలేయకుండా టార్క్ పానాతో అడ్డదిడ్డ వరసలో బిగించాలి.

పాత డిస్కునే లేతు మీద పట్టించి వాడుకోవచ్చా అని అడిగేవారు ఉంటారు. డిస్కు అంచు మీదనో, మధ్య టోపీ మీదనో కనీస మందం పోతపోసి ఉంటుంది. మైక్రోమీటరుతో నడి భాగంలో కొలవాలి. వెర్నియర్ దవడలు అరగని అంచు మీద ఆనుకుని ఎక్కువ మందం చూపిస్తాయి. పట్టించిన తరువాత కూడా ఆ కనీస మందం కంటే తగినంత ఎక్కువ మిగలాలి. నా అభిప్రాయంలో ఉప్పు తిన్న డిస్కును పట్టించడం వృథా, ఎందుకంటే రెండు ముఖాల మధ్యనున్న గాలి మార్గాల రెక్కలు లోపలినుంచి తుప్పుతో పలుచబడి ఉంటాయి, ఆ నష్టం లేతుకు అందదు.

పాత జిప్సీ వంటి బండ్లలో డిస్కు హబ్ వెనక బిగించి ఉంటుంది కాబట్టి ఫ్రీవీల్ హబ్, బేరింగులు అన్నీ విప్పవలసి వస్తుంది. అంత పని పెట్టుకున్నప్పుడు బేరింగులకు కొత్త గ్రీజు, కొత్త ఆయిల్ సీలు కూడా అప్పుడే వేయించుకోవాలి.

పెడల్ లోతుకు వెళ్ళడం, మెత్తబడడం

నీటిలోంచి బయటికి వచ్చిన వెంటనే బ్రేకు తగ్గి, కొంత దూరం తేలికగా తొక్కుతూ వెళితే తిరిగి వస్తే అది తడి మాత్రమే. ముందు ప్యాడ్లు కొత్తవే అయినా పెడల్ సగం దాకా దిగుతుంటే వెనక డ్రమ్ములు చూడాలి. బురద ఎండి, షూల ఎడాన్ని సరిచేసే అడ్జస్టర్ పట్టేస్తే షూలు డ్రమ్ముకు దూరంగా ఉండిపోతాయి. ఆ లోటును పెడల్ మీద మనకు చూపిస్తాయి. ముందు ప్యాడ్లు ఎంత మంచివి కొన్నా ఇది తీరదు.

మెత్తదనం ఎప్పుడూ ఉంటే గాలి చేరిందేమో, బ్రేక్ ఆయిల్ ముసలిదయిందేమో చూడాలి. ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ పట్టిన స్థితికి అదే ప్రమాణం 155 డిగ్రీలు. మన తేమలో రెండేళ్ళకోసారి మార్చడం అవసరం. డాట్ 5 అనే సిలికోన్ ఆయిల్‌ను వీటిలో కలపకూడదు. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1 వేరు.

పెద్ద టైర్లు వేశాక, ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు చాలకపోవడం

టైరు వ్యాసం పెరిగితే అదే బండిని ఆపడానికి డిస్కు మీద ఎక్కువ బలం పడాలి. పైగా ఇనుప బంపరు, వించి బరువు కూడా తోడవుతాయి. ఊళ్ళో తెలియని ఈ లోటు మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగేటప్పుడు బయటపడుతుంది: పెడల్ గట్టిగానే ఉన్నా బండి ఆగదు. అది ప్యాడు వేడెక్కి పట్టు కోల్పోవడం. పెడల్ మెత్తబడి కిందికి పోతే ఆయిల్ మరిగింది. మొదటిదానికి మంచి ప్యాడ్లు, రెండవదానికి కొత్త ఆయిల్ మందు. రెండింటికీ చిన్న గేరులో దిగడం ముఖ్యం. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే ఘాట్ ఎక్కేవారు దానికోసం రేసింగ్ ప్యాడ్లు కొనవద్దు. అవి చల్లగా ఉన్నప్పుడు పట్టవు, మన రోడ్ల మీద అవి ఎప్పుడూ చల్లగానే ఉంటాయి.

ఇక ఏమి కొనాలి

ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తగా, నిశ్శబ్దంగా ఉంటాయి గానీ ఒండ్రు నీటిలో త్వరగా అరుగుతాయి. సిరామిక్ ప్యాడ్లు తారు రోడ్డు మీద ధూళి తక్కువ చేస్తాయి. అమలాపురం, రాజమహేంద్రవరం మధ్యనే తిరిగే బండికి బాగుంటాయి. గట్లు, కాజ్‌వేలు, బరువులు ఉన్నవారికి సెమీ మెటాలిక్ రకమే నా ఎంపిక. డిస్కును కొంచెం ఎక్కువ తింటుంది, కొంచెం చప్పుడు చేస్తుంది, ఆ రెండూ భరించదగినవి. కొన్ని ప్యాడ్ల అంచు మీద ఎఫ్ఎఫ్, జీఎఫ్ వంటి రెండక్షరాలుంటాయి. మొదటిది మామూలు స్థితిలో, రెండవది వేడిలో పట్టును చెబుతుంది: ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండవ అక్షరం ఎఫ్‌కు తగ్గనివి తీసుకోవాలి. అరుగుదల గురించి ఈ అక్షరాలు ఏమీ చెప్పవు.

ఉప్పు ప్రాంతంలో ఘర్షణ పదార్థం కంటే వెనక రేకు మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. మామూలు రంగు వేసిన రేకు కింద తుప్పు పెరిగి పదార్థాన్ని పైకి లేపుతుంది. మందం ఉండగానే ప్యాడు పెచ్చుగా ఊడిపోతుంది. జింకు పూత గానీ, పదార్థాన్ని పట్టి ఉంచే కొక్కేలు గానీ ఉన్న రేకు దొరికితే కొంత ఎక్కువ పెట్టి అదే కొనాలి. డిస్కుల్లో కూడా టోపీకీ అంచుకూ పూత ఉన్న సాదా డిస్కే ఇక్కడికి తగినది. చిల్లుల డిస్కు అందంగా ఉంటుంది, కానీ రేగడి బురద ఆ చిల్లులలో ఎండి గట్టిపడుతుంది. చిల్లుల అంచుల నుంచి పగుళ్ళు మొదలయ్యే అవకాశమూ ఉంది. తయారీలోనే గాళ్ళు కోసిన డిస్కు బురదను తుడుస్తుంది, ప్యాడునూ గీకుతుంది.

విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళినా, ఊళ్ళోని దుకాణంలో కొన్నా బండి మోడల్ పేరు ఒక్కటే చెప్పి ఊరుకోకుండా తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు సరిచూసుకోవాలి. ఒకే పేరుతో వచ్చిన బండికి తరం మారితే డిస్కు కొలత మారుతుంది. కొనేది ఎప్పుడూ ఒక యాక్సిల్‌కు రెండు పక్కలా సరిపడా ఉండాలి.

బిగించాక

కొత్త డిస్కు మీది తుప్పు నివారణ నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు ఆయిల్ డబ్బా పొంగకుండా చూసుకోవాలి. బండి కదిపేముందు పెడల్ గట్టిపడేదాకా నొక్కాలి. తరువాత ఖాళీ రోడ్డు మీద, పార్ట్‌టైమ్ బండి (అవసరమైనప్పుడే ఫోర్‌వీల్‌లోకి మార్చేది) అయితే టూవీల్ మోడ్‌లోనే, గంటకు 60 కిలోమీటర్ల నుంచి 10 దాకా మధ్యస్థంగా ఎనిమిది పదిసార్లు వేగం తగ్గించాలి. పూర్తిగా ఆపకూడదు, వేడి డిస్కు మీద ప్యాడును అదిమి ఉంచితే అక్కడ మచ్చ పడి అదురు మొదలవుతుంది. ఆ తరువాత బ్రేకు తాకకుండా కొంత దూరం నడిపి చల్లారనివ్వాలి. వందో రెండువందలో కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లను మరోసారి టార్క్ పానాతో చూసుకోవాలి. ఉప్పునీటిలో తడిసిన బండిని రోజుల తరబడి నిలిపేటప్పుడు సమనేల మీద గేరులో ఉంచి, చక్రాలకు రెండు పక్కలా చెక్కలు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలేయాలి. లాగి ఉంచితే తిరిగి తీసేసరికి షూలు డ్రమ్ముకు అతుక్కుని ఉంటాయి.