తుఫానుల కాలానికి ముందు ఇంటి కంచె పని

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అందుకే కంచె పని హస్త కార్తె దాటకముందే ముగించాలి. వాయుగుండం కబురు విన్నాక గుంత తవ్వితే కాంక్రీటు గట్టిపడేలోపే గాలి అందుకుంటుంది.

కంచె పడితే అందరూ గాలినే తిడతారు గానీ కంచె నేల దగ్గర ఎప్పుడో సగం చచ్చి ఉంటుంది. సరుగుడు గుంజనే చూడండి. లోతున గాలి ఆడదు, పైభాగం ఎండకు ఆరిపోతుంది. నేలమట్టానికి కాస్త పైనా కిందా మాత్రం తడీ గాలీ రెండూ అందుతాయి, కుళ్లు అక్కడే మొదలవుతుంది. జానెడు లోతు మట్టి తీసి స్క్రూడ్రైవరుతో పొడవండి. అరంగుళం సులువుగా దిగితే గుంజ మార్చాల్సిందే. కొత్త గుంజకు బెరడు ఒలిచి, బాగా ఎండాక, పాతే భాగానికీ ఆపైన అర అడుగుకీ రెండు పూతలు తారు వేయాలి. పచ్చి కర్రకు పూస్తే తడి లోపలే చిక్కుకుని ఇంకా త్వరగా పుచ్చిపోతుంది.

సిమెంటు స్తంభాల జబ్బు వేరు. ఉప్పుగాలికి లోపలి చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, దాంతో స్తంభం నిలువునా పగులుతుంది. పైన సిమెంటు పాలు పూసి కప్పెట్టడం దండగ. వదులైన పెచ్చులు కొట్టేసి, చువ్వను వైరు బ్రష్షుతో తుప్పు పోయేదాకా రుద్ది, జింక్ ప్రైమర్ వేసి, 1:3 సిమెంటు, ఇసుక మాలుతో పూడ్చి వారం రోజులు తడపాలి. చువ్వ సగం తినేసి ఉంటే ఆ స్తంభం మీద ఖర్చు పెట్టొద్దు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో కొత్తగా వేసేవాళ్లకు రాతి స్తంభాలే మేలు. బండి మీంచి దించేటప్పుడు విరగకుండా చూసుకోవాలి, అంతే.

ఏడడుగుల స్తంభాన్ని రెండడుగులు పాతాలి. నల్లరేగడి అయితే ఏడున్నర అడుగులది తెచ్చి రెండున్నర దించండి, ఆ నేల వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిస్తుంది. గుంత అడుగున నాలుగంగుళాల కంకర పోసి, ఆపైన 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు వేయాలి. దాని పైభాగం నేలకన్నా రెండంగుళాలు ఎత్తుగా, నీరు జారేలా వాలుగా ఉండాలి. మూల స్తంభాలకు రెండువైపులా ఏటవాలు ఊతాలు తప్పనిసరి, తీగ లాగుడంతా వాటి మీదే.

జాలీకి ముందుగా తుప్పు పట్టేది కోసిన చివర్లకూ కట్టుతీగకూనే. మామూలు బైండింగు వైరు వాడితే జాలీ బాగున్నా కట్లు తెగిపోతాయి, జింకు పూత ఉన్న జీఐ తీగే వాడండి. వానల్లేని నెలల్లో అప్పుడప్పుడు మంచినీళ్లతో కడిగితే ఉప్పు పోతుంది.

తుఫాను హెచ్చరిక రాగానే కంచెకు కట్టిన ఆకుపచ్చ వల విప్పేయండి. వల ఉన్న కంచె తెరచాపే. దొండపాదు తీసేయమంటే ఇంట్లో ఒప్పుకోరు, కనీసం సగానికి కత్తిరించండి.

తుఫాను తగ్గాక కంచెను వెంటనే ముట్టుకోకండి. ఎక్కడో కరెంటు తీగ తెగి పడితే జాలీ పొడవునా కరెంటు పారుతుంది. అలా కనిపిస్తే దూరంగా ఉండి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి. ఒరిగిన స్తంభాన్ని బురదలోనే నిలబెట్టి తొక్కితే మళ్లీ ఒరుగుతుంది. తాత్కాలికంగా ఊతకర్ర పెట్టి, నేల గట్టిపడ్డాక మళ్లీ తవ్వి పాతండి.