ప్రపంచ చరిత్ర పాఠ్యపుస్తకాన్ని పాఠ్యప్రణాళిక ప్రమాణాలతో సరిచూడడం ఎలా?

తొమ్మిది, పది తరగతుల ప్రపంచ చరిత్ర పుస్తకాన్ని పరిశీలించమని అప్పగించినప్పుడు మనలో చాలామంది మొట్టమొదట విషయసూచిక తెరుస్తారు. ఫ్రెంచి విప్లవం ఉంది, పారిశ్రామిక విప్లవం ఉంది, రెండు ప్రపంచ యుద్ధాలూ ఉన్నాయి, కనుక సిలబస్ అంతా వచ్చినట్టేనని టిక్కులు పెట్టి సంతకం చేసేస్తారు. ఈ పద్ధతిలో ఏ పుస్తకమూ వెనకబడదు, ఎందుకంటే ప్రచురణకర్తలు అధ్యాయాల పేర్లు సిలబస్‌ను ముందు పెట్టుకునే నిర్ణయిస్తారు. ప్రమాణాల పత్రం అడిగేది మరొకటి: పాఠం పూర్తయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి? కారణాలను విడదీసి చూడగలగాలి, ఒక ఆధారాన్ని చదివి అది ఎంతవరకు నమ్మదగినదో చెప్పగలగాలి, ఒకే సంఘటనను ఇద్దరు ఎందుకు వేరువేరుగా చెబుతున్నారో వివరించగలగాలి. పుస్తకంలోని ఏ పేజీ ఆ పనిని నేర్పుతోందో వేలు పెట్టి చూపగలిగినప్పుడే దాన్ని మూల్యాంకనం అనవచ్చు. చెన్నైలో తెలుగు పిల్లలకు సాంఘిక శాస్త్రం బోధించే ఉపాధ్యాయులనూ, పుస్తకాల ఎంపిక సంఘాల్లో కూర్చునే తల్లిదండ్రులనూ దృష్టిలో పెట్టుకుని ఆ పని చేసే తీరును ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ప్రమాణాన్నీ, ఉద్దేశాన్నీ తేల్చుకోవాలి

రాష్ట్ర బోర్డు పాఠశాలలతో పాటు, సమచ్చీర్ కల్వి (రాష్ట్రంలోని ఏకరూప విద్యావిధానం) అమలైన తరువాత మెట్రిక్యులేషన్ పాఠశాలలు కూడా, పదో తరగతి వరకు తమిళనాడు పాఠ్యపుస్తక, విద్యా సేవల సంస్థ ప్రచురించిన పుస్తకాన్నే సాధారణంగా వాడుతున్నాయి. ఇప్పుడున్న పుస్తకం తొమ్మిదో తరగతికి 2018–19లోను, పదో తరగతికి 2019–20లోను వచ్చింది. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు ఆ పుస్తకమే అనువాదంగా అందుతుంది. సి.బి.ఎస్.ఇ. పాఠశాలలు ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలపై ఆధారపడతాయి, వాటిని 2023లో వెలువడిన పాఠశాల విద్య జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంతో సరిచూడాలి. ఐ.సి.ఎస్.ఇ. విధానంలో మాత్రం మండలి సిలబస్ ఇస్తుంది గాని చరిత్రకు ఫలానా పుస్తకమే కొనాలని నిర్బంధించదు, కనుక ప్రైవేటు ప్రచురణల్లోంచి ఎంచుకునే స్వేచ్ఛ అసలు ఆ పాఠశాలలకే ఉంది.

అందుచేత పరిశీలన దేనికోసమో మొదటి పేజీలోనే రాసి పెట్టుకోవాలి. పుస్తకాన్ని ఎంచుకోవడానికా, లేక తప్పనిసరిగా వాడవలసిన పుస్తకంలో లోటు ఎక్కడుందో కనిపెట్టి దాన్ని పూరించుకోవడానికా? మార్చలేని పుస్తకాన్ని పరిశీలించి ప్రయోజనమేమిటని కొందరు అడుగుతారు. ఎక్కువమంది పిల్లలకు మేలు చేసేది ఆ పరిశీలనే అని నా దృఢమైన అభిప్రాయం, ఎందుకంటే మన పిల్లల్లో అధిక భాగం చదివేది నిర్ణయించి ఇచ్చిన పుస్తకాన్నే.

ప్రమాణాల పత్రంలోని ప్రతి వాక్యాన్నీ రెండుగా విడదీయాలి: విషయం ఒకటి, ఆ విషయంతో విద్యార్థి చేయవలసిన పని మరొకటి. జాతీయ చట్రంలో మాధ్యమిక దశ లక్ష్యాల్లో ఒకటి, ప్రపంచ చరిత్రలోని ముఖ్య దశలను విశ్లేషించి నేటి ప్రపంచాన్ని అర్థం చేసుకోవడం. ఇందులో విషయం ముఖ్య దశలు. పని విశ్లేషించడం, దాన్ని నేటికి అన్వయించడం. పని వైపు ఉన్న క్రియలన్నిటినీ ఒక కాగితం మీద వరుసగా రాసుకుంటే, పుస్తకంలో ఏం వెతకాలో స్పష్టంగా తెలుస్తుంది. ఆ తరువాత ఒక్కొక్క సామర్థ్యం ఎదుట నాలుగు స్థాయిల్లో ఒకదాన్ని నమోదు చేయాలి: పుస్తకంలో అసలు లేదు, ప్రస్తావన మాత్రమే ఉంది, వివరణ ఉంది, విద్యార్థి చేత ఆ పని చేయించే అభ్యాసం కూడా ఉంది. స్థాయి పక్కన పేజీ సంఖ్య, ఆ పేజీలోని ఒక వాక్యం తప్పక ఉండాలి. పేజీ సంఖ్య లేని మార్కును లెక్కలోకి తీసుకోకూడదు. పుస్తకం చివర ప్రచురణకర్త ముద్రించిన సిలబస్ పట్టికను మన పరిశీలన ముగిసేదాకా తెరవకపోవడం మంచిది. ముందే చూస్తే అది చూపించిన చోటికే మన కళ్ళు వెళతాయి.

రెండు అధ్యాయాలను లోతుగా చదవాలి

పుస్తకమంతా పైపైన తిరగేయడం కన్నా రెండు అధ్యాయాలను మొదటి అక్షరం నుంచి చివరి ప్రశ్న వరకు చదవడం వల్ల ఎక్కువ తెలుస్తుంది. పారిశ్రామిక విప్లవం, మొదటి ప్రపంచ యుద్ధం ఇందుకు అనువైనవని నా సూచన, ఎందుకంటే ఈ రెండింటి జాడలూ మన నగరంలోనే ఉన్నాయి.

పారిశ్రామిక విప్లవానికి కారణాలను విశ్లేషించాలని ప్రమాణం కోరుతుందనుకుందాం. చాలా పుస్తకాలు బొగ్గు, ఇనుము, పెట్టుబడి, ఆవిష్కరణలు అంటూ ఒక జాబితా ఇచ్చి, 1769లో ఆర్క్‌రైట్ పేటెంటు పొందిన నూలు యంత్రంతో కథ మొదలుపెడతాయి. ఆ యంత్రానికి అర్ధశతాబ్దం ముందే బ్రిటిష్ పార్లమెంటు మన అద్దకపు బట్టలను అడ్డుకున్న సంగతి ఆ పేజీల్లో ఉందో లేదో చూడండి. 1700లో చేసిన చట్టం ఆసియా నుంచి వచ్చే అద్దకపు నూలు బట్టల అమ్మకాన్ని ఇంగ్లండులో నిషేధించింది. 1721 నాటి చట్టం అద్దకపు నూలు బట్టలు కట్టుకోవడాన్నే చాలావరకు నిషేధించింది. ఆ నిషేధాల మధ్యనే కోరమండల్ తీరంలో ఈస్టిండియా కంపెనీ ఇతర విపణుల కోసం బట్ట సేకరిస్తూనే ఉంది; 1734లో మద్రాసు గవర్నరు జార్జ్ మార్టన్ పిట్ హయాంలో నేతగాళ్ళ కోసం చింతాద్రిపేట ఏర్పడింది. ఈ సంగతులు తెలిసిన విద్యార్థికి యంత్రాలు ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు ఆవిష్కర్త ప్రతిభ ఒక్కటే సమాధానంగా కనిపించదు. విపణి, చట్టం, రాజ్యాధికారం కూడా కారణాల్లో చేరతాయి. కారణాల జాబితా మాత్రమే ఇచ్చిన పుస్తకానికి ‘ప్రస్తావన’ అని, ఒక కారణం మరొక కారణానికి ఎలా దారితీసిందో చెప్పిన పుస్తకానికి ‘వివరణ’ అని, వాటిలో ఏది బలమైనదో వాదించమని విద్యార్థిని అడిగిన పుస్తకానికి ‘అభ్యాసం’ అని రాయాలి.

మొదటి ప్రపంచ యుద్ధం విషయంలో కూటములు, 1914 జూన్ 28న సారాయెవోలో జరిగిన ఆస్ట్రియా యువరాజు హత్య, 1919 నాటి వెర్సాయ్ సంధి ప్రతి పుస్తకంలోనూ ఉంటాయి. చూడవలసింది, అది ‘ప్రపంచ’ యుద్ధం ఎందుకయిందో పుస్తకం చెబుతోందా అన్నది. పది లక్షలకు పైగా భారతీయ సైనికులు విదేశీ యుద్ధరంగాలకు వెళ్ళారు. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. 1916 ఏప్రిల్‌లో మెసొపొటేమియాలోని కుట్ పట్టణంలో లొంగిపోయిన బ్రిటిష్ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు దగ్గరికి వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించింది. ఆ దాడిని గుర్తుచేస్తూ హైకోర్టు ప్రహరీ గోడకు ఉన్న ఫలకాన్ని ఇప్పటికీ చూడవచ్చు. ఇవన్నీ పుస్తకంలోనే ఉండాలని నేను అనడం లేదు. యూరప్ వెలుపలి మనుషులు ఆ అధ్యాయంలో ఎక్కడైనా కర్తలుగా కనిపిస్తున్నారా, లేక చివర ‘భారతదేశంపై ప్రభావం’ అనే ఒక్క పేరాలో సర్దుకుంటున్నారా అన్నది మాత్రం గమనించి రాయాలి.

వెర్సాయ్ సంధి మీద కూడా ఇదే స్థాయి పరీక్ష పెట్టవచ్చు. ‘జర్మనీని అవమానించింది, అందువల్ల హిట్లర్ వచ్చాడు’ అన్న ఒక్క వాక్యంతో ముగించే పుస్తకం విశ్లేషణ నేర్పదు. యుద్ధ బాధ్యతను మోపిన 231వ నిబంధననో, 1921లో నిర్ణయించిన 13,200 కోట్ల బంగారు మార్కుల నష్టపరిహారాన్నో చూపించి, 1929 తరువాతి ఆర్థిక మాంద్యం, నిరుద్యోగం ఎదుట పెట్టి, హిట్లర్ అధికారానికి రావడంలో దేని పాత్ర ఎంతో తేల్చమని అడిగే పుస్తకాన్ని పై స్థాయిలో ఉంచాలి.

ఆధారాలు, చిత్రాలు, పటాలు

ఆధారాలను చదవగలగడం అనే సామర్థ్యం దగ్గర పుస్తకాలు ఎక్కువగా తడబడతాయి. బొమ్మలు విరివిగా ఉన్నంత మాత్రాన ఆధారాలు ఉన్నట్టు కాదు. నెపోలియన్ ఎగసిన గుర్రం మీద ఆల్ప్స్ దాటుతున్నట్టు ఫ్రెంచి చిత్రకారుడు దావీద్ గీసిన చిత్రం చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. నిజానికి 1800లో అతడు కంచరగాడిద మీద ఆ కనుమ దాటాడు. చిత్రం కింద చిత్రకారుడి పేరు, గీసిన సంవత్సరం, ఎవరి కోసం గీశాడన్న సమాచారం ఉండి, పాలకుడు తనను ఇలా ఎందుకు చూపించుకోవాలనుకున్నాడన్న ప్రశ్న కూడా ఉంటే అది ఆధారం. అవేమీ లేకపోతే అది కేవలం అలంకారం, దాన్ని లెక్కించనక్కరలేదు.

పటాల్లో తప్పులు తేలికగా దొరుకుతాయి. 1914 నాటి యూరప్ పటంలో పోలండు స్వతంత్ర దేశంగా ఉంటే అది తప్పు. ఆ దేశం తిరిగి ఏర్పడింది 1918లో. 1914 నాటి ఆఫ్రికా పటంలో ఇథియోపియా, లైబీరియా స్వతంత్రంగా కనిపించాలి. భారతదేశ సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోవాలి.

తేదీలను కూడా ఇదే శ్రద్ధతో పట్టుకోవాలి. ఫ్రాన్స్ 1794లో తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది, నెపోలియన్ 1802లో దాన్ని తిరిగి తెచ్చాడు, చివరిగా రద్దయింది 1848లో. మొదటి రద్దుకూ నెపోలియన్ ఆజ్ఞకూ మధ్య గడిచింది ఎనిమిదేళ్లు, దాన్ని ‘పదేళ్లు’ అని రాసిన పుస్తకం లెక్క తప్పింది. అంతకన్నా పెద్ద లోటు, 1791లో తిరగబడి 1804లో స్వతంత్ర దేశాన్ని నిర్మించుకున్న హైతీ బానిసల పేరే ఎత్తకుండా బానిసత్వ రద్దును పారిస్ సభ చేసిన దానంగా చూపడం. రష్యా విప్లవం పాఠంలో పాత, కొత్త క్యాలెండర్లను కలగాపులగం చేయకుండా చూడాలి: పాత లెక్కలో 1917 అక్టోబరు 25 అంటే కొత్త లెక్కలో నవంబరు 7. ఇలాంటి తప్పు ఒకటి కనిపిస్తే ఆ అధ్యాయంలోని తేదీలన్నిటినీ మళ్ళీ సరిచూడాలి. సందేహ నివృత్తికి కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయం గాని, ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం గాని మనకు అందుబాటులో ఉన్నాయి.

ఆఫ్రికా మొదటిసారి ఏ పేజీలో వస్తోంది? యూరోపియన్ల రాకతోనే వస్తే, 1324లో మక్కా యాత్ర చేసిన మాలీ పాలకుడు మన్సా మూసా గాని, గ్రేట్ జింబాబ్వే కట్టడాలు గాని విద్యార్థికి ఎన్నటికీ ఎదురుకావు. ఖండాల వారీగా పేజీలు లెక్కించడం అరగంట పని. నివేదికలో ఆ అంకెలే ఎక్కువ మందిని ఒప్పిస్తాయి. వాక్యాల్లో కర్తను కూడా వెతకాలి. ‘1943లో బెంగాల్‌లో కరువు సంభవించింది’ అని వదిలేసిన వాక్యం, యుద్ధకాలంలో ఎవరు ఏ నిర్ణయాలు తీసుకున్నారన్న ప్రశ్నకు తావివ్వదు.

ప్రశ్నలు, పిల్లల పరీక్ష, నివేదిక

ఒక అధ్యాయం చివరి ప్రశ్నలన్నిటినీ వరుసగా రాసి, జ్ఞాపకంతో చెప్పగలిగేవి, కారణం వివరించవలసినవి, ఆధారం చదివి తేల్చవలసినవి అని విభజించండి. పాఠం ఎంత బాగా రాసినా, ప్రశ్నలన్నీ తేదీలూ పేర్లూ అడిగితే తరగతిలో జరిగేది కంఠస్థమే.

ఆ తరువాత రెండు పేజీలను తొమ్మిదో తరగతి పిల్లలకు ఇచ్చి, పుస్తకం మూయించి, చదివినదాన్ని తెలుగులోనో, తమిళంలోనో, ఇంగ్లీషులోనో సొంత మాటల్లో రాయించాలి. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఒక భాష, వీధిలో మరొకటి, బడిలో ఇంకొకటి మాట్లాడతారు కనుక, ఇంగ్లీషు పుస్తకంలోని క్లిష్టమైన వాక్యాల వల్ల చరిత్ర అర్థం కాకుండా పోతోందా అన్నది ఈ పరీక్షతోనే బయటపడుతుంది. తెలుగు మాధ్యమం పుస్తకమైతే, వ్యక్తుల పేర్లూ సంవత్సరాలూ ఇంగ్లీషు ప్రతితో సరిపోతున్నాయా అన్నది కూడా చూసుకోవాలి.

ఇద్దరు పరిశీలకులు ఒకరి మార్కులు ఒకరు చూడకుండా పని ముగించి, ఆ తరువాత కలిసి కూర్చోవాలి. ఒకరు ‘వివరణ’ అనీ మరొకరు ‘ప్రస్తావన’ అనీ రాసిన చోట సగటు తీయకుండా ఆ పేజీని ఇద్దరూ కలిసి మళ్ళీ చదవాలి. మొత్తం మార్కులు కూడి ఒకే అంకెగా చెప్పడం నాకు సమ్మతం కాదు. అలా చేస్తే కారణాల విశ్లేషణలో పూర్తిగా విఫలమైన పుస్తకం రంగుల బొమ్మలతో ఆ లోటు కప్పిపుచ్చుకునే వీలు కలుగుతుంది.

నివేదికలో ముద్రణ సంవత్సరం తప్పనిసరిగా రాయాలి. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర పుస్తకంలోంచి పారిశ్రామిక విప్లవం సహా కొన్ని అధ్యాయాలను తొలగించింది. పాత ముద్రణను చూసి రాసిన నివేదిక కొత్త ముద్రణకు వర్తించదు. పుస్తకాన్ని మార్చే వీలుంటే, ఏ సామర్థ్యాల్లో అది ‘ప్రస్తావన’ దాటలేదో పేజీలతో చూపి సంఘానికి సమర్పించాలి. మార్చే వీలు లేకపోతే, ఆ సామర్థ్యాలలో ఒక్కొక్కదానికి ఒక ఆధారం, రెండు ప్రశ్నలు ఉన్న ఒక పుట అనుబంధాన్ని తయారుచేసి, జూన్‌లో తరగతులు మొదలయ్యేలోగా సంబంధిత అధ్యాయం బోధించే ఉపాధ్యాయుడి చేతికి అందించాలి.