బిల్లింగ్స్ చార్టు: కతోలిక దంపతులు రాసుకునే పద్ధతి

పిల్లల్ని వరసపెట్టి కనమని శ్రీసభ (కతోలిక సంఘం) ఎక్కడా చెప్పలేదు. ఆరవ పౌలు పోపుగారు 1968లో వెలువరించిన ‘హ్యూమానే వీటే’ అనే లేఖ చెప్పేది వేరు: దంపతుల కలయికలో ఉన్న ప్రేమబంధాన్నీ, బిడ్డకు ప్రాణం పోసే శక్తినీ మనిషి కావాలని విడదీయకూడదు. అందుకే మాత్రలు, కండోమ్, కాపర్ టీ, ఆపరేషన్, చివర్లో బయటికి తీసేయడం, ఏదీ కుదరదు. ఆరోగ్యం బాగోలేకపోవడం, డబ్బు ఇబ్బంది వంటి గట్టి కారణం ఉంటే మాత్రం గర్భం నిలవని రోజుల్లోనే కలవవచ్చు. ఆ రోజుల్ని గుర్తుపట్టడానికే ఈ చార్టు. మెల్‌బోర్న్ డాక్టర్లు జాన్, ఎవెలిన్ బిల్లింగ్స్ దంపతులు రూపొందించారు. ఇది తేదీల లెక్క కాదు కాబట్టి నెలసరి అటూఇటూ అయ్యేవాళ్లూ వాడుకోవచ్చు.

కావాల్సింది ఒక నోట్‌బుక్కు, నాలుగు రంగులు. నెలసరి రోజుకు ఎరుపు, పొడిగా ఉన్న రోజుకు ఆకుపచ్చ, మార్పులేని తెల్లబట్టకు పసుపు, యోని స్రావం మారిన రోజుకు తెలుపు. లోపల వేలు పెట్టి చూడక్కర్లేదు. నడుస్తూ, పని చేసుకుంటూ ఉన్నప్పుడు కింద పొడిగా ఉందా, తడిగా ఉందా, జారుడుగా ఉందా అన్నది గమనిస్తే చాలు. కంటికి కనిపించేదానికన్నా ఈ స్పర్శే ముఖ్యం. రాత్రి పడుకునే ముందు, ఆ రోజు కనిపించిన వాటిలో గర్భానికి ఎక్కువ అనుకూలమైన గుర్తును రాయాలి. నేర్చుకునే మొదటి రెండు నుంచి నాలుగు వారాలు కలవకపోతే చార్టు స్పష్టంగా వస్తుంది.

నెలసరి ఎక్కువగా అయ్యే రోజుల్లో కలవకూడదు, ఎందుకంటే ఆ రక్తంలో స్రావం మొదలైనా తెలియదు. తర్వాత వచ్చే పొడి రోజుల్లో రోజు విడిచి రోజు, అదీ రాత్రిపూటే. పగలంతా తిరిగితే గానీ ఆ రోజు పొడి అని చెప్పలేం. రోజు విడిచి రోజు ఎందుకంటే, మర్నాడు మిగిలిన వీర్యం స్రావం తడిని మరుగుపరుస్తుంది. మార్పు కనిపించిన రోజు నుంచి ఆగాలి. స్రావం పలచబడి, గుడ్డు తెల్లసొనలా సాగి, జారుడుగా మారుతుంది. జారుడు తెలిసిన ఆఖరి రోజే ‘పీక్’. అది పీక్ అని మర్నాడు గానీ తెలియదు. దాని తర్వాత 1, 2, 3 అని లెక్కపెట్టి, నాలుగో రోజు ఉదయం నుంచి నెలసరి వచ్చేదాకా ఎప్పుడైనా కలవవచ్చు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: బాగా తడిగా ఉన్న రోజును పీక్ అనుకుంటారు. తడి తగ్గినా జారుడు ఇంకో రోజో రెండ్రోజులో ఉండొచ్చు. ఆ ఆఖరి రోజు నుంచే లెక్క. అండం బతికేది ఒక్క రోజే అయినా, మంచి స్రావంలో వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతుకుతాయి. దురద, వాసన ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, డాక్టరుకు చూపించుకోవాలి. 1981లో ప్రచురించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పరిశీలనలో (భారతదేశమూ ఉంది) నియమాలు కచ్చితంగా పాటించినవాళ్లలో ఏడాదికి సుమారు 3 శాతం మందికే గర్భం వచ్చింది. తప్పినవాళ్లనీ కలిపితే సుమారు 22 శాతం. భర్త కూడా చార్టు చదవడం నేర్చుకోవాలనేది అందుకే. ఆగాల్సిన రోజులు ఆమె ఒక్కతే కాపలా కాసేవి కావు.

బిడ్డ కావాలనుకునేవాళ్లకూ ఇదే చార్టు: జారుడు రోజుల్లో కలవాలి.

రక్తస్రావం ఎక్కువై డాక్టరు హార్మోన్ మాత్రలు రాస్తే వేసుకోవచ్చు. గర్భం ఆపడం కోసం కాకుండా జబ్బుకు మందుగా వాడితే తప్పుకాదని అదే లేఖ 15వ పేరా చెబుతుంది. ఇద్దరు పిల్లల తర్వాత ట్యూబెక్టమీ అన్నది మన ఊళ్లలో మామూలైపోయింది కాబట్టి ఈ మాటా చెప్పాలి: ఇప్పటికే చేయించుకున్నవాళ్లు పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) నిరభ్యంతరంగా వెళ్లవచ్చు, ఆపరేషన్ మళ్లీ విప్పించుకోవాలని శ్రీసభ పట్టుబట్టదు.